ఆమదాలవలసలో రైలెక్కినవారికి ఒక డ్రాయింగు మాస్టారి బహిరంగ లేఖ

విదేశాల్లో స్థిరపడిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి, వారిలో నా దగ్గర బొమ్మలు నేర్చుకున్నవారికి, డ్రాయింగు పీరియడును లెక్కల ట్యూషనుకు ధారపోసినవారికి కూడా నమస్కారం.

కిందటి నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే మా ఇంట్లో ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆ తరువాతే తీస్తాం. తీస్తే అమెరికాలో ఉన్న పాత శిష్యుడు. ఉద్దానంలో నేను పనిచేసిన బడిలో పదో తరగతి చదివాడు. కొబ్బరి చెట్టు గీయమంటే కాయలు ఎన్ని ఉండాలో ముందు లెక్క చూసుకుని గీసే రకం. “మాస్టారూ, ఒక బొమ్మ పంపాను, చూశారా?” అన్నాడు. చూశాను. ఏదో వేలం కేటలాగులోని పుట. ఒక మగవాడి తల. వేసినవాడు ఫ్రాన్సిస్ న్యూటన్ సూజా. కింద డాలర్లలో అంచనా ధర. మావాడి ప్రశ్నలు రెండే. “అంత ధర పెట్టడానికి ఇందులో ఏముంది మాస్టారూ? కొంటే పదేళ్లలో రెట్టింపు అవుతుందా?”

రెండోది జ్యోతిష్కుణ్ని అడగవలసిన ప్రశ్న. మొదటిదానికి జవాబు రాద్దామని కూర్చుంటే అది ఒక్కడికి రాసే ఉత్తరంగా ఆగలేదు. మీలో చాలామంది ఇప్పుడు బొమ్మలు కొనగల స్థితికి వచ్చారు. కొందరు కొంటున్నారని వింటున్నాను. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది. రిటైరైన మాస్టారికి తీరిక తప్ప వేరే ఆస్తి ఉండదు కదా.

ముందు ఆ తల సంగతి. ఫోను మీద వేళ్లతో లాగి పెద్దది చేసి చూశాను. కళ్లు ఉండవలసిన చోట లేవు, నుదుటి మీదికి ఎక్కి కూర్చున్నాయి. ముక్కు నీళ్ల గొట్టంలా నిలువునా దిగింది. నోట్లో పళ్లు దువ్వెన పళ్లలా వరసగా ఉన్నాయి. మెడకు గట్టిగా బిగించిన కాలరు. వీటన్నిటినీ చెదిరిపోకుండా పట్టి ఉంచింది ఒక నల్లటి గీత. చెప్పులు కుట్టేవాడు తోలులోకి ఆరె దించినట్టు దిగింది ఆ గీత. వెనక్కి తిరగలేదు, దిద్దుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లు నేను పిల్లలకు రబ్బరుతో తుడవడం నేర్పాను. ఈ మనిషి రబ్బరు ఊసే ఎరగనట్టు గీశాడు. బుగ్గల మీద అడ్డగీతలు, చేప పొలుసు గీకిన కత్తి గుర్తుల్లా. అందంగా ఉందా అంటే లేదు. లోపలి భయమూ పొగరూ రెండూ కలిసి బయటికొచ్చి ముఖాన కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. మన అమ్మవారి గుళ్ల గోడల మీద వేసే రాక్షసుడి తలను చూసి ఏ పిల్లవాడూ ముక్కు సరిగా కుదరలేదని అనడు. ఆ పిల్లవాడి కన్నుతో చూడరా అబ్బాయీ, సగం జవాబు నీకే దొరుకుతుంది.

మిగిలిన సగం ఆ మనిషి బతుకులో ఉంది. సూజా 1924లో గోవాలోని సలిగావ్‌లో పుట్టాడు. పసిగుడ్డుగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి బొంబాయిలో బట్టలు కుట్టి పెంచింది. మశూచి సోకి బతికి బయటపడితే, మొక్కు ప్రకారం ఫ్రాన్సిస్ అన్న పేరు చేర్చింది. బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలలో చేరాడు, క్విట్ ఇండియా రోజుల్లో ఉద్యమంలో తిరిగినందుకు వెళ్లగొట్టారు. 1947లో తోటి కళాకారులు రజా, ఎం.ఎఫ్. హుస్సేన్, ఆరా, గాడే, బాక్రేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పెట్టాడు. 1949లో లండన్ వెళ్లాడు. అక్కడ ఏళ్ల తరబడి చేతిలో డబ్బు ఆడలేదు. 1955లో అక్కడి చిత్రశాల గ్యాలరీ వన్‌లో ప్రదర్శన జరిగాక గానీ పేరు రాలేదు. 1967లో న్యూయార్క్ చేరాడు, 2002లో ముంబైలో కన్నుమూశాడు. లండన్ వాళ్లకు అతడు ఎక్కడి నుంచో వచ్చినవాడు, ఇక్కడివాళ్లకు ఎక్కడికో వెళ్లిపోయినవాడు. ఈ వాక్యం మీకు విడమరచి చెప్పనక్కర్లేదు, మీరంతా ఏటా సంక్రాంతికి వచ్చి దాన్ని అనుభవించి వెళుతూనే ఉంటారు.

వలస అన్న మాటకు మన దగ్గర నిఘంటువు అవసరం లేదు. ఊరి పేర్ల చివరే అది ఉంటుంది. కొత్తవలస ఉంది. శ్రీకాకుళం రోడ్డు అని బోర్డు పెట్టుకున్న స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, మీలో సగం మంది మొదటి సూట్‌కేసును ఆ ప్లాట్‌ఫారం మీదే దించారు. మా తాత రైలు కూడా ఎక్కలేదు, ఓడ ఎక్కాడు. అప్పట్లో కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి జనం రంగూన్ వెళ్లేవారు. మా ఇంట్లో పెద్దలు దాన్ని ‘రంగం’ అనేవారు. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చాక ఎందరో అడవులూ కొండలూ పడి నడిచి వచ్చారు. మా తాత వెంట వచ్చిన వస్తువు ఒక్కటే, అక్కడి స్టూడియోలో తీయించుకున్న ఫొటో. కుర్చీలో కూర్చుని, మెడ బిగబట్టి, కళ్లు పెద్దవి చేసి చూస్తుంటాడు. ఆ కుర్చీ స్టూడియోవాడిది. ఒంటి మీది కోటూ స్టూడియోవాడిదే, భుజాల దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులు. ఆ రాత్రి సూజా తలకున్న కాలరును చూడగానే నాకు ఆ కోటు గుర్తొచ్చింది. ఇంకొకరి ఊళ్లో ఇంకొకరి బట్టల్లో కూర్చున్న మనిషి మెడ అలాగే ఉంటుంది. ఇందులో ఏముంది మాస్టారూ అన్నావు కదా. నాకు కనిపించింది ఇది.

ఇక ధర. సూజా 1955లో వేసిన ‘బర్త్’ అనే పెద్ద బొమ్మ ఒకటుంది. నిండు గర్భిణి నగ్నంగా పడుకుని ఉంటుంది, పక్కన ఒక మగవాడు, వెనక కిటికీలోంచి ఊరు. 2008లో లండన్‌లో క్రిస్టీస్ అనే సంస్థ వేలంలో అది సుమారు 25 లక్షల డాలర్లకు పోయింది. అదే బొమ్మ 2015లో న్యూయార్క్‌లో 40 లక్షల 85 వేల డాలర్లు పలికింది. ఈ వాక్యం చదవగానే మా శిష్యుడు కాలిక్యులేటర్ తీస్తాడని నాకు తెలుసు. తీయవద్దు నాయనా. అలాంటి బొమ్మలు ఒక చిత్రకారుడి జీవితంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి, వాటి అంకెలే పత్రికలకు ఎక్కుతాయి. కొన్న ధరకు కూడా తిరిగి అమ్ముడుపోని బొమ్మల గురించి ఏ పత్రికా రాయదు. (నగ్నంగా ఉన్న గర్భిణి బొమ్మను మన ఊళ్లో ఎవరు చూస్తారని గొణిగేవారు ఒకసారి శ్రీముఖలింగం వెళ్లి గుడి చుట్టూ మెల్లగా నడవండి. మన పూర్వులు మనకన్నా ధైర్యవంతులు.)

వేలంపాట అంటే నాకు చిన్నప్పటి నుంచీ తెలిసింది మా ఊరి చెరువు పాట. రావిచెట్టు కింద చాప పరిచేవారు. పెద్దలు కూర్చున్నాక ఒకాయన లేచి “సర్కారు వారి పాట వెయ్యి రూపాయలు” అని ఎత్తుకునేవాడు. పాడేవాళ్లు నేరుగా పాడరు. ఒకడు ముక్కు గీరుకుంటాడు, ఒకడు తువ్వాలు దులుపుతాడు, పాట ఇంకో యాభై పెరుగుతుంది. ఒకటోసారి, రెండోసారి అన్నాక మూడోసారి అనడానికి ఆయన ఎంతసేపు సాగదీసేవాడో! వెనక ఎవరైనా దగ్గినా ఆగి చూసేవాడు. పాట ఎవరికి పడినా డబ్బు రామకోవెలకు చేరేది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, పాట అయిపోయాక కూడా చెరువు చెరువు చోటే ఉండేది. చేపలు పాడినవాడివి. గేదెలు ఎప్పటిలా దిగేవి, మేమూ ఎప్పటిలా ఈదేవాళ్లం.

బొమ్మల వేలంలో చెరువునే ఇంటికి పట్టుకుపోతారు. మిగతా అంతా ఒకటే, ముక్కు గీరుకోవడంతో సహా. మీలో పాడాలనుకునేవారికి కొన్ని సంగతులు చెబుతాను. కేటలాగులో కనిపించే కింది అంచనా, పై అంచనాల వెనక బయటపెట్టని అంకె ఇంకొకటి ఉంటుంది. అంతకు తగ్గితే అమ్మవద్దని యజమాని చెప్పుకున్న కనీస ధర అది. న్యూయార్క్‌లో 2022 దాకా అది కింది అంచనాను మించకూడదన్న నియమం ఉండేది. చివరి పాటకు సుత్తి కొట్టి ఖరారు చేసిన ధరతో బేరం ముగియదు. దాని మీద వేలం సంస్థకు కొన్నవాడు కట్టే రుసుము ఉంటుంది, మామూలు ధరల్లో పాతిక శాతానికి అటూ ఇటూ. పత్రికల్లో వచ్చేవి చాలావరకు ఈ రుసుము కలిపిన అంకెలు. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ బొమ్మ ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో చదవండి. పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసే మనం, పేరున్నవాడి సంతకం ఉంటే చాలు ఇంకేమీ అడగకుండా డబ్బు కట్టేస్తే ఎలా? పేరు పెరిగిన ప్రతి చిత్రకారుడికీ నకిలీలు పుడతాయి.

‘బర్త్’ అమ్ముడైన ఆ రెండు వేలాల నాటికీ సూజా లేడు. బొమ్మ చేతులు మారేటప్పుడు చిత్రకారుడికో అతడి వారసులకో వాటా దక్కాలన్న ఆలోచన చాలా దేశాల్లో చట్టమైంది. బ్రిటన్‌లో 2006 నుంచి ఉంది, 4 శాతంతో మొదలై ధర పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. మన కాపీరైటు చట్టంలో 53-ఎ సెక్షను ఉంది. 1994లో చేసిన సవరణతో వచ్చింది. తిరిగి అమ్మిన ధర 10 వేల రూపాయలు దాటితే చిత్రకారుడికి, ఆయన పోయాక వారసులకు, 10 శాతానికి మించకుండా వాటా అడిగే హక్కు ఇచ్చింది. అడిగితేనే సుమా. అడగడానికి ఎవరు, ఎప్పుడు, ఎంతకు అమ్మారో వారసులకు తెలియాలి కదా! మీరు ఇండియాలో బతికున్న చిత్రకారుడి బొమ్మ కొని, రేపు లాభానికి అమ్మితే, చట్టం తలుపు తట్టేదాకా ఆగకండి. ఆయనకు ఒక ఫోను చేయండి. నా మిత్రుల్లో ముగ్గురు చిత్రకారులు మందుల దుకాణంలో ఖాతా రాయించుకుని బతుకుతున్నారు.

ఇంకొక బొమ్మ కథ చెబితే గానీ నేను అడగబోయేది మీకు అర్థం కాదు. హుస్సేన్ 1954లో ‘గ్రామ్ యాత్ర’ అని వేశాడు. దాదాపు 14 అడుగుల పొడవు, 13 ఘట్టాలు. పల్లెలోని ఆడవాళ్లు, బండి, రైతు. ఆ రైతు చేయి తన గడి దాటి పక్క గడిలోని పొలాన్ని మోస్తున్నట్టు ఉంటుంది. ఛాతీ శస్త్రచికిత్సలో మన డాక్టర్లకు శిక్షణ ఇవ్వడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఢిల్లీ వచ్చిన ఒక నార్వే వైద్యుడు దాన్ని కొని తీసుకుపోయాడు. 1964లో అది ఓస్లో విశ్వవిద్యాలయ ఆసుపత్రికి చేరింది. ఏళ్ల తరబడి అక్కడి ఒక నడవలో, బయటివాళ్లు పెద్దగా అడుగుపెట్టని చోట ఉండిపోయింది. 2025 మార్చి 19న న్యూయార్క్‌లో వేలానికి వచ్చి 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. మన లెక్కలో సుమారు 118 కోట్ల రూపాయలు. భారతీయ ఆధునిక చిత్రాల్లో అప్పటికి అదే రికార్డు. ఆ సొమ్ము కొత్త డాక్టర్ల శిక్షణకు పోతుందన్నారు, చాలా మంచి మాట. హుస్సేన్ 2006లో దేశం విడిచాడు, 2010లో ఖతర్ పౌరుడయ్యాడు, 2011లో లండన్‌లో పోయాడు. వేసిన మనిషికన్నా యాభై ఏళ్ల ముందే బొమ్మ వలస పోయింది. ఆ పల్లె ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఓస్లోలో గోడకు ఆనుకుని నిలబడి ఉండగా, అలాంటి ఆడవాళ్ల కడుపున పుట్టిన పిల్లలకు నేను ఇక్కడ నల్లబల్ల మీద సుద్దతో ఆధునిక చిత్రకళ బోధించాను.

మా పిల్లల్లో చాలామంది పుస్తకంలోని నకలు తప్ప చిత్రకారుడి చేతి అసలు బొమ్మ చూడలేదు. ఈ మాట అక్షరాలా నిజం. వడ్డాది పాపయ్య పుట్టింది శ్రీకాకుళంలోనే. మనందరం ఆయన్ని ఎరిగింది పత్రికల అట్టల మీద. విజయనగరంలో అంట్యాకుల పైడిరాజు గారు ఎందరికో కుంచె పట్టడం నేర్పారు. వారి శిష్యులు ఇప్పుడు ముసలివాళ్లు. ఒక ఏడాది పద్దెనిమిది మంది పిల్లలను వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్లాను, దామెర్ల రామారావు చిత్రశాల చూపించడానికి. ఆయన పుట్టింది 1897లో, పోయింది 1925లో, ఇరవై ఎనిమిదేళ్లయినా నిండని ఆయుర్దాయం. పిల్లలు రైల్లో పులిహోర తిని, కిటికీల దగ్గర కొట్టుకుని, చిత్రశాలలోకి వచ్చేసరికి నిద్రమత్తులో ఉన్నారు. అందులో ఒక కుర్రాడు, సోంపేట వైపు జాలరి ఇంటివాడు, ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు. ఎదురుగా నిలబడి చూసి, తరువాత పక్కకు జరిగి, గోడకు చెంప ఆనించేంతగా వంగి, ఏటవాలుగా చూడడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నావురా అంటే, “రంగు ఎత్తుగా ఉంది మాస్టారూ” అన్నాడు. పుస్తకంలో రంగు ఎప్పుడూ చదునుగానే ఉంటుంది. రంగుకు ఎత్తు ఉంటుందని, కుంచె ఎటు నుంచి ఎటు వెళ్లిందో దాని మీద చదవవచ్చని వాడికి ఆ పూట తెలిసింది. వాడు చిత్రకారుడు కాలేదు. వేరావల్ వెళ్లి బోటు ఎక్కాడు. అయినా ఊరికి వచ్చినప్పుడల్లా ఆ బొమ్మ సంగతి ఎత్తకుండా వెళ్లడు.

మీరు ఊరికి ఇవ్వడం లేదని నేను అనను. మీరిచ్చిన బెంచీల మీదే నేను పాఠం చెప్పాను. కల్యాణ మంటపాలు, శ్మశానానికి ప్రహరీలు, మంచినీళ్ల యంత్రాలు, ఊరి మొదట్లో దాత పేరు చెక్కిన ఆర్చీలు. ఆర్చీల మీద నాకు చిన్న కోపం ఉంది. దారి లేని ఊరికి కూడా ద్వారం కట్టించారు ఒకచోట. అది వదిలేయండి. ఈసారి ఒక బొమ్మ ఇవ్వండి.

ఏ బొమ్మ అంటారా? సూజా పెద్ద బొమ్మలు మనలాంటివారికి అందవు. హుస్సేన్ మాట ఎత్తనక్కర్లేదు. నేను చాలాకాలంగా అనుకుంటున్న పేరు ఒకటుంది. కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టిన తెలుగువాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్‌లో స్లేడ్ స్కూల్‌కు వెళ్లి, పారిస్ చేరి హేటర్ అనే చిత్రకారుడు నడిపే అటెలియే 17 అనే అచ్చు చిత్రాల కార్ఖానాలో కుదురుకున్నాడు. తరువాత న్యూయార్క్. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 2018లో న్యూయార్క్‌లోనే పోయాడు. ప్రపంచంలో అచ్చు చిత్రాలు చేసేవాళ్లంతా ఆయన పేరు ఎరుగుదురు. మన పదో తరగతి పిల్లలు ఎరగరు.

ఆయన పనితనం చెబితే వంట తెలిసినవాళ్లకు వెంటనే పట్టుబడుతుంది. దోసె పెనం మీద ఒకచోట నూనె ఎక్కువైతే అక్కడ పిండి నిలవదు, జారిపోతుంది. పొడిగా ఉన్నచోట పట్టుకుంటుంది. కృష్ణారెడ్డి లోహపు పలకను శిల్పంలాగా ఎత్తుపల్లాలుగా చెక్కుతాడు. సిరాల్లో ఒకదానిలో నూనె ఎక్కువ, ఒకదానిలో తక్కువ కలుపుతాడు. మెత్తటి రబ్బరు రోలరు పల్లాల దాకా దిగుతుంది, గట్టి రోలరు ఎత్తుల మీదనే తిరుగుతుంది. నూనె ఎక్కువున్న సిరా మీద ఒకటి నిలవక, ఇంకొకచోట కలిసిపోయి, ఒక్క పలక మీద ఇన్ని రంగులు ఒకేసారి ఎక్కుతాయి. ఆ పలకను తడి కాగితంతో కలిపి యంత్రంలో ఒక్కసారి తిప్పితే బొమ్మ మొత్తం దిగుతుంది. ఆ పద్ధతిని తోటి చిత్రకారుడు కైకో మోతీతోనూ మరికొందరితోనూ కలిసి అక్కడే సాధించాడు. 1968లో పారిస్ వీధుల్లోకి వచ్చిన విద్యార్థుల మీద ‘డిమాన్‌స్ట్రేటర్స్’ చేశాడు, సర్కస్ విదూషకుడి మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. మనిషి బొమ్మే, కానీ అంచుల దగ్గర వెలుగులోకి కరిగిపోతూ ఉంటుంది. సూజా మనిషి గీతలో బిగుసుకుపోతే, ఈయన మనిషి గీత విప్పుకుని బయటికి పోతాడు. రెండూ వలస వెళ్లినవాళ్ల బొమ్మలే. మీలోనూ ఆ రెండు రకాలవాళ్లు ఉన్నారు.

అచ్చు చిత్రంలో ఇంకో సుగుణం ఉంది. ఒకే పలక నుంచి తీసిన ప్రతులు కొన్ని ఉంటాయి. ఒక్కోదాని కింద పెన్సిలుతో అంకె వేసి చిత్రకారుడు సంతకం చేస్తాడు. ప్రతి ఒక్కటీ అసలే. పారిస్‌లో ఉన్న బొమ్మే శ్రీకాకుళంలోనూ ఉండవచ్చు, ఒకరి నోటి దగ్గరిది ఇంకొకరు లాక్కోనవసరం లేదు. అందుకే ధర లక్షల్లో మాట, కోట్లలో కాదు. పదిమంది కలిస్తే ఒక ఆర్చీ ఖర్చు కూడా కాదు.

ఇక్కడ మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. పంపిస్తే చూసుకునేదెవరు? నిజమే. చాలా ఏళ్ల కిందట నా మిత్రుడు ఒకాయన తన నూనెరంగు చిత్రాన్ని ఒక కార్యాలయానికి ఉచితంగా ఇచ్చాడు. రెండేళ్ల తరువాత మేమిద్దరం వెళితే అది బీరువా వెనక ఉంది. గోడలకు సున్నం వేసినప్పుడు ఎవరూ పక్కకు తీయలేదు. బొమ్మలోని ముసలమ్మ ముఖం మీద తెల్లటి చుక్కలు, మశూచి మచ్చల్లా. మిత్రుడు ఏమీ అనలేదు, జేబురుమాలు తీసి తుడవబోయాడు, రంగు కూడా లేచివచ్చింది. 2018లో తిత్లీ తుపానుకు మా బడి పైకప్పు రేకులు లేచిపోయి, పాతికేళ్లుగా నేను దాచిన పిల్లల బొమ్మలు తడిసి అట్టముద్దలయ్యాయి. కాబట్టి తడికీ నిర్లక్ష్యానికీ భయపడేవారిలో నేను మొదటివాణ్ని.

అలాగని మన జిల్లాలకు నిలబెట్టే చేవ లేదనకండి. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలై ఇప్పటికీ ఉంది. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు, వృత్తికి బడిపంతులు, తనకు వచ్చిన పురస్కారం సొమ్ముతో కథల కోసం ఇల్లు కట్టారు. 1997లో తెరిచారు. ఎవరో కాగితం మీద రాసి పారేసుకున్న కథను కూడా అక్కడ వెతికి పెట్టుకున్నారు. కథకు ఇల్లు దొరికిన ఊళ్లో బొమ్మకు ఒక గోడ దొరకదా?

చేయవలసింది పెద్ద సంగతేమీ కాదు. బొమ్మను ఏ అధికారి పేరునా, ఏ దాత పేరునా పెట్టకుండా ఒక ట్రస్టు పేరున రాయించండి. మ్యూజియంలోనో చిత్రశాలలోనో ప్రజలకు చూపించడానికి తెచ్చే కళాఖండాలకు కస్టమ్స్ సుంకంలో మినహాయింపు ఉంది, షరతులు చూసుకుని మంచి ఆడిటరు చేత ముందే కాగితాలు పెట్టించండి. కాగితం మీది బొమ్మకు ఎండ పగవాడు. మసక వెలుతురు చాలు, ఏడాదిలో కొన్ని నెలలు చీకట్లో విశ్రాంతి ఇవ్వాలి. ఫ్రేముకు, కాగితానికి మధ్య ఆమ్లం లేని అట్ట వేయించాలి, గోడకు ఆనకుండా వెనక రెండు వేళ్ల సందు ఉంచాలి. వర్షాకాలం నాలుగు నెలలూ నేను రోజూ వెళ్లి చూస్తాను. నా తరువాత చూడడానికి ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు, ఇద్దరూ డ్రాయింగు టీచర్లే, నాకన్నా శుభ్రత ఎక్కువ.

ఇక నీ తల బొమ్మ విషయం, అబ్బాయీ. రెట్టింపు అవుతుందని కొనకు. ఆ మెడను చూస్తే నీకు మీ నాన్న గుర్తొస్తే, అది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ వంశవృక్షం ఒకటికి రెండుసార్లు చదివి, నీ తాహతులో ఒక అంకె కాగితం మీద రాసుకుని, ఆ అంకె దాటగానే చేయి దించెయ్. చేయి ఎత్తడంకన్నా దించడం కష్టమని మా చెరువు పాటలో పొలం అమ్ముకున్నవాళ్లను చూసి నేర్చుకున్నాను. దక్కితే ఇనప్పెట్టెలో పెట్టకు. మీ పిల్లలు అన్నం తినే గదిలో పెట్టు. భయపడతారని మీ ఆవిడ అంటుంది. రెండు రోజులు భయపడి, మూడో రోజు దానికి పేరు పెడతారు.

మిగిలినవారికి, గది నేను చూసి ఉంచాను. ఒక గ్రంథాలయం మేడ మీద ఉంది, వాళ్లు సరేనన్నారు. పడమటి గోడకు వానజల్లు కొడుతుంది, తూర్పు గోడకు కిటికీలు. ఉత్తరపు గోడ పొడి గోడ, పొడవు 11 అడుగుల 4 అంగుళాలు. మధ్యలో పాత కేలెండరు మేకు ఒకటి ఉంటే నిన్న వెళ్లి పీకి, ఆ కంతలో సున్నం పెట్టి వచ్చాను.